బెట్టకూ ఒక గడువు

“పుష్య పౌర్ణమికి కాలువలో నీళ్ళు పారుతాయి. ఇది నా మాట.”

అనగనగా మన ఊరిలాంటి ఒక ఊళ్ళో, కాలువ గేట్లు చూసే ఆఫీసరు సారు జీపు దిగకుండానే ఇచ్చిన మాట ఇది, పాపా. ఆ మాట నమ్మి మారెక్క తన నలభై చీనీ చెట్లకు, అదే బత్తాయి చెట్లకు, బెట్ట పెట్టింది.

బెట్ట అంటే ఏమిటంటావా? ఏడాది పొడుగునా నీళ్ళు తాగితే చీనీ చెట్టు ఆకులే వేస్తుంది, సరిగా కాయదు. అందుకని చలికాలంలో ఒక నెల నీళ్ళు ఆపుతారు. ఆకు వాడుతుంది. అప్పుడు నీళ్ళు పెడితే కొమ్మకొమ్మకూ పూత. ఆ నీళ్ళు మాత్రం వేళకు రావాలి. రాకపోతే చెట్టే పోతుంది. ఎనిమిదేళ్ళు సాకిన తోట అది.

పౌర్ణమి వచ్చింది. నీళ్ళు రాలేదు.

అప్పుడు మారెక్క ఆఫీసుకు పోయింది. “గేటుకు తుప్పు పట్టింది” అన్నాడు సారు. ఆకు ముడుచుకుంది. వారానికి మళ్ళీ పోయింది. “ఫైలు పైకి పోయింది” అన్నాడు. ఆకు రాలింది. ఆ తర్వాత మూడోసారి పోయింది. సారు నవ్వాడు.

“నీళ్ళు ఆపితేనే చీనీ కాస్తుందట కదమ్మా! మేము మీకు మేలే చేస్తున్నాం.”

మారెక్కకు ఒళ్ళు మండింది. ఊరి ఆడవాళ్ళను పిలిచింది. నేనూ పోయాను. ఉన్న తడి ఆరిపోకుండా పాదుల్లో వేరుశనగ పొట్టు మందంగా పరిచాం. తాగే నీళ్ళలోంచే మిగిల్చి, రెండు రోజులకోసారి చెట్టుకో బిందె పోశాం. ఆ చెట్లకు పైన చీనీ అంటు, కింద జంబేరి నిమ్మ వేరు. మొండి వేరు! చావమంటే చావలేదు. తోటంతా తెల్లగా పూసింది.

అప్పుడు సారు ఫోటోగ్రాఫరును వెంటేసుకుని వచ్చాడు. పూలకొమ్మ పట్టుకుని, “కాలువ నీళ్ళు లేకుండానే సేద్యం!” అన్నాడు. మిట్టమధ్యాహ్నం ఎండకు గొంతెండి, “కాసిన్ని నీళ్ళివ్వమ్మా” అన్నాడు.

మారెక్క చెంబు వెనక్కి పెట్టుకుంది.

“బెట్ట పెట్టినాం సార్. మీరేమన్నా కాస్తారేమో చూద్దాం.”

మేం పగలబడి నవ్వాం. ఫోటోగ్రాఫరు కూడా కెమెరా వెనక ముఖం దాచుకుని నవ్వాడు.

ఆ తర్వాత మారెక్క చెంబు ఇచ్చింది. సారు గటగటా తాగాడు.

“చూశారా సార్, మా బెట్టకు గడువుంటుంది. మీదానికి లేదు. ఇప్పుడు నీళ్ళు రాకపోతే ఒక్క పిందె నిలవదు. మేం అడిగేది దయ కాదు, హక్కు. గేటు ఎత్తే రోజు రాసివ్వండి.”

“అడిగి చెప్తాలేమ్మా” అంటూ సారు జీపెక్కాడు.

జీపు ముందు మేమంతా బైఠాయించాం. “ఎప్పుడు చెప్తారు?” అన్నాం. సారు గడియారం చూశాడు, ఆకాశం చూశాడు. సరే, ఆయన పెట్టకపోతే ఆ గడువు మేమే పెట్టాం, పాపా. అందాకా కాలువ గట్టు మీదే కూర్చుంటామన్నాం.

కథేమో కంచికి,
నువ్వేమో నిద్దరకి,
మేమేమో కాలువ గట్టుకి,
సారు జవాబేమో మహాశివరాత్రికి!