మంజులిక చేతికి అమరిన రాకెట్టు

ఏ కాలం నాటి మాటో ఎవరూ చెప్పలేరు గానీ, అనగనగా కొండల నడుమ కందరపురమనే చిన్న రాజ్యం ఉండేది. దానికి రాజు వీరకేతుడు. ఆయనకు ఒక్కతే కూతురు, పేరు మంజులిక. చిన్నపిల్ల.

ఆ రాజ్యంలో అందరూ ఇష్టపడే ఆట పాడెల్. సముద్రం దాటి వచ్చిన వర్తకులు నేర్పిన ఆట అది. చుట్టూ గోడలు, నడుమ వల. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. నేల మీద పడి గోడకు తగిలి వచ్చిన బంతిని కూడా రాకెట్టుతో, అంటే పిడి ఉన్న పలకతో, కొట్టవచ్చు. జత లేనివాళ్లు మాత్రం ఆడలేరు.

మంజులిక తల్లి చంద్రప్రభాదేవి ఆ ఆటలో దిట్ట. ఆమె కన్నుమూసి ఏడాది కావస్తోంది. అప్పటినుంచి రాజు కొలువులో తప్ప ఎక్కడా నోరు విప్పడం లేదు. అంతఃపురంలో మంజులికకు అన్నం వడ్డించేవాళ్లు ఉన్నారు, జడ వేసేవాళ్లు ఉన్నారు. "ఇవాళ ఏం చేశావమ్మా" అని అడిగేవాళ్లే లేరు.

ఒకనాడు మంజులిక తన తల్లి రాకెట్టు తీసుకుని ఆటస్థలానికి వెళ్లింది. సేనాపతి కూతురు ఉత్పల జతగా నిలిచింది. ఆ రాకెట్టు పెద్దవాళ్ల చేతికి సరిపడేలా చేసింది. మంజులిక దాన్ని ఎత్తేలోపే బంతి దాటిపోయేది. పొద్దు వాలేసరికి మణికట్టు వాచింది.

"రాకుమారీ, అది మీకు బరువు. వేరేది తెచ్చుకోండి" అంది ఉత్పల.

"ఇది మా అమ్మది. నాకు ఇదే కావాలి" అంది మంజులిక.

మర్నాడు ఉత్పల వేరే జత చూసుకుంది.

కూతురి వాచిన చేతికి కట్టిన కట్టు చూసి రాజు, సాగరగుప్తుడనే వర్తకుణ్ణి పిలిపించాడు. "నీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా గొప్ప రాకెట్టు తీసుకురా" అన్నాడు.

వర్తకుడు బంగారు తీగ చుట్టిన రాకెట్టు తెచ్చాడు. "మహాప్రభూ, ఇది మహావీరులు ఆడేది. బరువంతా దీని తలలోనే ఉంది. కొడితే బంతి పిడుగులా పోతుంది" అన్నాడు.

పిల్ల చేతికి పనికొస్తుందా అని రాజు అడగలేదు. పనికిరాదని వర్తకుడు చెప్పలేదు.

దానితో కొడితే బంతి గోడలు దాటి పొదల్లో పడేది. అయినా రాజుకు భయపడి పిల్లలు కావాలని ఓడిపోయేవారు. "భేష్ రాకుమారీ" అని వంగి, ఆట కాగానే నవ్వుకుంటూ గుంపుగా వెళ్లిపోయేవారు. "నువ్వూ రా" అని ఒక్కరూ పిలవలేదు. మంజులిక ఒక్కతే బంతిని గోడకు కొట్టుకుంటూ ఉండిపోయేది. ఆమెకు బదులిచ్చేది ఆ గోడ ఒక్కటే.

చివరికి ఒక ఉదయం ఆమె కొలువుకే వెళ్లి తండ్రి చేయి పట్టుకుంది. "నాన్నగారూ, నాతో అంగడికి రండి."

సాగరగుప్తుడి అంగడిలో మంజులిక నగిషీలు చూడలేదు. ఒక్కొక్క రాకెట్టునూ చేయి చాచి పట్టుకుంది. చేతిని కిందికి లాగినవాటిని పక్కన పెట్టింది. ఆఖరికి ఒకటి ఎంచుకుంది. చిన్నది, గుండ్రనిది, పిడి సన్ననిది. ఆమె చేతిలో అది తేలిగ్గా నిలిచింది.

రాజు ముఖం చిట్లించాడు. "రాజు బిడ్డ చేతిలో ఇంత సాదా రాకెట్టా? జనం ఏమనుకుంటారు తల్లీ?"

"అమ్మది పట్టుకుంటే అమ్మ గుర్తొస్తుంది, కానీ చేయి లేవదు. బంగారుది పట్టుకుంటే అందరూ దండం పెడతారు, కానీ ఎవరూ నాతో ఆడరు. నాకు ఆడాలని ఉంది నాన్నగారూ. అమ్మది మీ దగ్గర దాచండి."

రాజు కూతురి దగ్గరికి వంగాడు. "నీకేం కావాలో ఇన్నాళ్లూ నేను అడగనేలేదు" అని ఆమె తల నిమిరాడు.

మంజులిక తిన్నగా ఉత్పల దగ్గరికి వెళ్లింది. "నువ్వు చెప్పింది నిజమే. అమ్మది వదల్లేకపోయాను. నాతో ఆడతావా? ఎవరూ కావాలని ఓడిపోవద్దు."

ఆ రోజు ఇద్దరూ జతగా ఆడి ఓడిపోయారు. ఆట నడుమ తను ఆడుతున్నది రాకుమారితో అన్న మాటే మరిచి ఉత్పల, "ఆ బంతి నాది, నువ్వు వెనక్కి ఉండు" అని కసిరింది. ఎన్నాళ్లకో మంజులిక నవ్వింది.

ఎంత ఘనమైన వస్తువైనా మన చేతికి అమరినప్పుడే మనదవుతుంది.