వంటింట్లో వైఫై డబ్బా

దొరతనం పోయినా దొరగారు మిగిలిన ఒక ఊళ్లో మేడకు ఇంటర్నెట్ వచ్చింది.

"వైఫై పెడితే పనివాళ్లు వాడేస్తారు. నా కుర్చీ దాకా వైరు లాగు, చాలు," అన్నారు దొర, వైర్లు లాగే మనిషితో.

మజ్జిగ తెచ్చిన వంటమనిషి సూరమ్మకు ప్రాణం ఉసూరుమంది. ఓడ పనికెళ్లిన మొగుడి ముఖం చూసి ఎనిమిది నెలలైంది.

"మా ఎద్దూ అంతే దొరా," అంది నెమ్మదిగా. "పలుపు ఎంత ఉంటే అంత మేరే తిరుగుతుంది."

దొర మీసం అదిరింది. "నన్ను కట్టేసేదెవరే? నేను అడుగుపెట్టే ప్రతిచోటా వైఫై రావాలి."

"వంటింట్లోకి తమరు రారుగా."

"నా ఇంట్లో నేను రాని చోటుందా? అక్కడా ఒక డబ్బా పెట్టరా."

తమరు మరిచిపోతే ఇబ్బందని, పాస్‌వర్డు కూడా వంటింటి గోడ మీద రాయించింది సూరమ్మ.

మర్నాడు ఫోన్లోంచి మొగుడన్నాడు: "వెనక పాలు పొంగుతున్నాయే, చూడు."

"పొంగనీ," అంది, ముఖం తిప్పకుండా.