నూకరత్నం అరచేతిలో మూడు చుక్కలు

రైసుమిల్లు జగపతిరాజుది గేర్లు తనంతట తానే మార్చుకునే కారు. ఒకనాడు అది గేరు పడక నడిరోడ్డు మీద ఆగిపోయింది.

“గేర్‌బాక్సు నాశనం చేశావు. రేపట్నుంచి పనిలోకి రాకు” అన్నాడు రాజు, డ్రైవర్ సన్యాసిరావుతో.

కారును మెకానిక్ నూకరత్నం షెడ్డుకి తోసుకొచ్చారు. ఆమె బానెట్ ఎత్తి, బత్తాయంత ఇనప గుండును చూపించింది.

“గేర్‌బాక్సు బాగానే ఉందండి. గేర్లు కదిపే నూనెని ఒత్తిడితో నిలవుంచాల్సింది ఈ గుండే. ఇది చచ్చిపోయింది. డ్రైవర్ తప్పేం లేదు.”

“గుండు నిక్షేపంలా ఉంది. తప్పు వీడిదే!”

“అయితే మీరే విప్పండి” అంటూ పానా అందించింది. “బాగున్న గుండైతే నూనె మొహమ్మీదికి చిమ్ముతుంది. కాస్త జాగ్రత్తండీ.”

రాజు రెండడుగులు వెనక్కి వేశాడు. నూకరత్నం మాత్రం అరచెయ్యి అడ్డంపెట్టి, తొణక్కుండా విప్పేసింది. ఆమె చేతిలో మూడంటే మూడు చుక్కలు రాలాయి.

అంత కారునీ నిలబెట్టేసింది ఈ పిడికెడు గుండేనా అని సన్యాసిరావు నోరు తెరుచుకుని చూశాడు. అది పట్టుకున్న ఆమె చేతిని ఇంకా ఎక్కువసేపు చూశాడు.

కొత్త గుండు బిగించాక రాజు తలదించుకుని వెనకసీట్లో కూర్చున్నాడు.

“పోనియ్ సన్యాసీ” అన్నాడు మెల్లగా.