చేరిననాటి పనితనం

ఒకానొక రాజ్యంలో, కొలువులో చేరాక కొత్త పని నేర్చుకోవడం నేరం. ఈ విడ్డూరపు చట్టం చేసినవాడు మార్తాండ భూపతి. ఆయనకు రెండే రెండంటే ప్రాణం: ఒకటి తన మీసం, రెండోది తన మాట.

చట్టానికి కారణం లేకపోలేదు. ఆయన వంటింట్లోనే ఫేణీలు చేయడం నేర్చుకున్న వంటవాడొకడు మూటాముల్లె సర్దుకుని పొరుగు రాజు కొలువులో చేరిపోయాడు. రాజుగారికి తల కొట్టేసినట్టయింది. నేర్చుకుంటేగా పోయేది, చేరిన రోజున ఏం వచ్చో అదే చేస్తే చాలునని ఆజ్ఞ వేశాడు.

సభలో నలుగురినీ నవ్వించడానికి పెట్టుకున్న తాండవయ్యకు ఈ ఆజ్ఞ మొదటినుంచీ గిట్టలేదు. అయినా రాజుగారికి ఎదురు చెప్పినవాళ్ళ గతి ఆయన కళ్ళారా చూసినవాడే మరి.

అంతలో వీరాయమ్మ పట్టుబడింది. ఆమె వంటింట్లో కూరగాయలు తరిగే మనిషి. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లలను ఆ కత్తిపీటను నమ్ముకునే పెంచుకొస్తోంది. వంటవాళ్ళు చేస్తుంటే చూసి చూసి కజ్జికాయలు చేయడం నేర్చుకుంది. ఒక మధ్యాహ్నం పొయ్యి ఖాళీగా ఉందని నాలుగు వేయించింది. వంటింటి అధికారి వాటిని పళ్ళెంతో సహా సభకు మోసుకొచ్చాడు. రాజుగారు ఒకటి నోట్లో వేసుకుని, బాగుందని తల ఊపి, మర్నాడు సాయంత్రానికల్లా ఆమె పిల్లలతో సహా రాజ్యం దాటాలని తీర్పు చెప్పాడు.

తాండవయ్య లేచి చేతులు జోడించి, ఇంత గొప్ప ఆజ్ఞ భూమ్మీద మరెక్కడా లేదని పొగడ్డం మొదలుపెట్టాడు.

"ఒక్కటే లోటు ప్రభూ. నేర్చుకున్నది వీరాయమ్మ ఒక్కతేనా? కొలువులో ప్రతివాడూ చేరాక ఎంతో కొంత నేర్చినవాడే. రేపటినుంచి అందరూ చేరిననాటి పనితనంతోనే చేయాలని చాటించండి. అప్పుడు గాని ఆజ్ఞకు నిండుతనం రాదు."

రాజు ఉబ్బితబ్బిబ్బై అప్పటికప్పుడు దండోరా వేయించాడు.

మర్నాడు పొద్దున్నే రాజుగారు తోటలో తిరిగి వస్తుంటే ద్వారపాలకుడు ఈటె అడ్డం పెట్టి, ఎవరు నువ్వని అడిగాడు. చేరిన నాటికి తనకు రాజుగారి ముఖం తెలియదట. తాండవయ్య పూచీ పడితే గాని లోపలికి వదల్లేదు. ఆజ్ఞ తనదే కాబట్టి రాజు పళ్ళు నూరుకుంటూ ఊరుకున్నాడు.

లోపల ఆస్థాన క్షురకుడు ఓబన్న కత్తి నూరుతున్నాడు. ఆ కొలువులోనే జుట్టు నెరిసిన మనిషి. రాజుగారు పీట మీద కూర్చుని గడ్డం ఎత్తాడు. ఓబన్న చెయ్యి వణకడం చూసి ఆయనకు అనుమానం వచ్చింది.

"చేరిన రోజున నీ పనితనం ఎలా ఉండేదిరా?"

"ఏలినవారి తండ్రిగారికి చేశానండి. కుడివైపు మీసం నిలిచింది, ఎడమవైపుది కత్తికి వచ్చేసింది. ధర్మప్రభువులు, నేర్చుకుంటావులే పొమ్మని వదిలేశారు."

రాజు మీసాన్ని రెండు చేతులా మూసుకుని ఒక్క గెంతులో స్తంభం చాటుకు చేరాడు. ఆజ్ఞ తప్పితే ఏ శిక్ష పడుతుందోనని ఓబన్న కత్తితో సహా వెంటబడ్డాడు. వీణ్ణి ఆపవయ్యా అని రాజు తన వెంటే లోపలికి వచ్చిన తాండవయ్యను బతిమాలాడు.

"ఎలా ఆపను ప్రభూ? నేర్చిన పనితనం చూపమంటే ఆజ్ఞ పోతుంది, వద్దంటే మీసం పోతుంది. ఏది ఉంచమంటారో సెలవివ్వండి."

"ఆజ్ఞే పోనీ" అన్నాడు రాజు స్తంభం చాటునుంచే.

ఓబన్న చెయ్యి చటుక్కున కుదురుకుంది. క్షౌరం చక్కగా సాగుతుంటే రాజుగారికి మళ్ళీ పౌరుషం పొడుచుకొచ్చింది.

"నువ్వు గెలిచానని మురిసిపోకు. ఆ ఆజ్ఞ వేశాక మనవాళ్ళలో ఒక్కడైనా పొరుగు రాజు దగ్గరికి పోయాడా?"

"పోలేదు ప్రభూ. మనవాళ్ళను ఆయన పిలవడమే మానేశాడు."

ఓబన్న కత్తి బుగ్గ మీదే ఆగిపోయింది. తాండవయ్య తన తల ఇక తనది కాదనుకున్నాడు. కాసేపటికి రాజుగారి బొజ్జ మెల్లగా కదిలింది. ఆ తరవాత నవ్వు ఆగలేదు. కత్తి తగులుతుంది, కదలొద్దని ఓబన్న మొత్తుకున్నా ఆగలేదు.

ఆ పూటే వీరాయమ్మ శిక్ష రద్దయింది, మిఠాయిల పొయ్యి ఆమెదైంది. రోజూ మధ్యాహ్నం పనివాళ్ళంతా తమకు నచ్చిన విద్య నేర్చుకోవచ్చని, నేర్పినవాడికి బహుమానమని రాజు ప్రకటించాడు. తన చేతి కంకణం తీసి తాండవయ్యకు తొడిగాడు.

ఏడాది తిరిగేసరికి పొరుగు రాజు దగ్గరినుంచి దూత వచ్చాడు. వీరాయమ్మను తీసుకుపోవడానికేమోనని సభంతా గుండె చిక్కబట్టుకుంది. తమ వంటవాళ్ళను నాలుగు నెలలు ఆమె దగ్గర పని నేర్చుకోవడానికి పంపవచ్చా అని అడగడానికి వచ్చాడతను.