తవుడు మేస్త్రి ఆపిన స్తంభాలు

భూపతివారి తోటలో మామిడి చెట్ల మధ్యగా నడిచి వచ్చే భక్తులకు ముందుగా కనిపించేవి ఏడు ఇటుక స్తంభాలు. ఒకటి మోకాలెత్తు, ఒకటి నిలువెత్తు, ఏ రెండూ సమానం కావు. వాటిని దాటితే చెక్కుచెదరని మండపం ఉంటుంది. అందులో విగ్రహం లేదు. ఎవరికి మొక్కాలని అందరూ అడుగుతారు. ఈ స్థలపురాణం పుస్తకం రాయమని మండపం కమిటీవారు నాకు అప్పగించి మూడేళ్ళయినా నాకూ అర్థం కాలేదు. అమ్మవారని కొందరు, వినాయకుడని కొందరు, ఏమీ లేదని మా బావమరిది అంటారు. తెలిసినంత మనవి చేస్తున్నాను.

పూర్వం ఇక్కడ జమీందారు భూపతి దొరగారి విలాసవనం ఉండేది. సీమదొరలు తమ తోటల్లో పాడుబడ్డట్టు కనిపించే మండపాలను కొత్తగా కట్టించుకుంటారని ఆయన ఒక బొమ్మల పుస్తకంలో చూశారు. తమకూ ఒకటి కావాలని తవుడు మేస్త్రికి కబురంపారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది అనుకున్నాడు మేస్త్రి. పాడు మండపం ఎవరైనా కోరి కట్టించుకుంటారా, కబురు తెచ్చినవాడే పొరబడి ఉంటాడని తలచి, మండపాన్ని నిండుగా కట్టి సున్నం కూడా కొట్టాడు.

దొరగారు వచ్చి చూసి మండిపడ్డారు. "పది రోజుల్లో కలెక్టరు దొర వస్తున్నాడు. దీన్ని సగం పగలగొట్టు. లేదా తోటలో నీ గుడిసె ఖాళీ చెయ్యి."

"మా ఇంటిది కడుపుతో ఉన్నాది బాబూ. ముందు ఇద్దరు పిల్లలూ పోనారు. ఇప్పుడు నా సేత్తో కట్టినదాన్ని ఇరగ్గొడితే ఈ బిడ్డా దక్కదు" అని తవుడు కాళ్ళమీద పడ్డాడు.

ఆలు గర్భవతిగా ఉండగా మగడు దేన్నీ విరగ్గొట్టరాదని ఇక్కడి వారి నమ్మకం. దొరగారు వినలేదు. నెలలు నిండిన మనిషిని వెంటబెట్టుకుని ఎక్కడికి పోతాడు? పాపం, రెండు రోజులు గునపం పట్టుకుని మండపం చుట్టూ తిరిగాడు.

మూడవనాడు మధ్యాహ్నం అతని భార్య నూకాలుకు కునుకు పట్టింది. కలలో ఎర్రచీర ముసలమ్మ కనిపించి, "విరిచింది వేరు, ఆపింది వేరు" అన్నదట. కల వచ్చింది తవుడికేనని ఇంకొక వాదం ఉంది, నేను తేల్చలేకపోయాను. మేస్త్రి గునపం పారేసి తాపీ అందుకున్నాడు. మండపం ముందు ఏడు స్తంభాలు మొదలుపెట్టి, ఒక్కొక్కదాన్ని ఒక్కో ఎత్తులో ఆపేశాడు. బాట మీద నుంచి చూస్తే అంతా శిథిలమే, ఒక్క ఇటుకైనా విరగలేదు. "ఇది ఎన్ని వందల ఏళ్ళనాటిది?" అని కలెక్టరు దొరగారిని అడిగాడట. మేస్త్రికి గుడిసె దక్కింది.

నేటికీ గర్భవతుల భర్తలు ఒక ఇటుక తెచ్చి, సున్నం పెట్టకుండా స్తంభంపై ఉంచుతారు. కాన్పు అయ్యాక దాన్ని దించి ఇంటి పొయ్యికి చేరుస్తారు. అలా ఇటుక ఉంచిన ప్రతి ఇంటా ఉయ్యాల ఊగుగాక. కాపాడే దేవత ఎవరో చెప్పే శక్తి నాకు లేదు. నూకాలుకు పుట్టిన ఆడపిల్ల ఎనభై ఏళ్ళు బతికిందన్నది ఒక్కటే నాకు నిస్సందేహంగా తెలుసు. నన్ను చంకనెత్తుకుని ఈ స్తంభాల మధ్య తిప్పిన మా నాయనమ్మ ఆమే.