జెట్టీ కింద రెండు పలకలు

లోహశాస్త్రం చెప్పే భ్రమరాంబగారిని ఏదైనా ప్రశ్న అడిగితే పుస్తకం తెరిచేవారు కాదు, చెప్పులు తొడుక్కునేవారు. ఒక ఉదయం ఆవిడ దగ్గర పరిశోధన చేస్తున్న జగ్గునాయుడు అడిగాడు: "మేడమ్, అయిదు లోహాలు కలిపి మనం పోసిన మిశ్రమం ఉప్పునీటికే లొంగలేదు. కంటికి కనబడని సూక్ష్మజీవి దాన్నెలా తింటుంది?"

ఆవిడ అతణ్ణి విశాఖ ఫిషింగ్ హార్బరుకి తీసుకెళ్లారు. ఎనిమిది నెలల కిందట జెట్టీకి కట్టి నీళ్లలోకి దించిన ఆ మిశ్రమపు పలకలు రెండింటిని పైకి లాగించారు. రెండింటి మీదా నల్లటి జిగురు ఒకే మందాన పేరుకుని ఉంది. సూక్ష్మజీవుల కాపురం అది. "గీకు," అన్నారు. ఒకదాని కింద లోహం కొత్త గిన్నెలా మెరిసింది. రెండోదాని నిండా సూది దిగేంత గుంటలు.

"రెండూ ఒక్క పోతలోవే కదా?" అన్నారావిడ.

జగ్గునాయుడికి విషయం అర్థమైంది. పోతలో ఆ లోహాలు ఒకచోట చిక్కగా, మరోచోట పలచగా పేరుకుంటాయి. రెండు రోజులు ఫర్నేసులో కాగితేనే సమంగా కలుస్తాయి; లేకపోతే పలచబడ్డ చోటునే సూక్ష్మజీవి తొలుస్తుంది. మొదటి పలకను ఆవిడే కాచారు. రెండోదాన్ని, సదస్సు ముంచుకొస్తోందని, అతడు ఆరు గంటలు మాత్రమే కాచి బయటికి తీశాడు. దాంతోపాటే, బోటు అడుగున రెక్కల చక్రాన్ని తిప్పే షాఫ్టునూ ఒకటి తీశాడు. అది అప్పటినుంచీ ఎర్రయ్య అనే జాలరి బోటులో పరీక్షకి తిరుగుతోంది. ఆ బోటు ఎదురుగానే వేటకి ఐసు నింపుకుంటోంది.

"ఆ షాఫ్టు కూడా ఆరు గంటలదే, మేడమ్," అన్నాడు. అతడే వెళ్లి ఎర్రయ్యకి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"నీ తప్పుకి మా ఏడుగురం పస్తులుండాలేటి, బాబూ?"

"పస్తయితే మళ్లీ తినొచ్చు, బాబాయ్. నడిసముద్రంలో అది విరిగితే?"

గొణుక్కుంటూనే ఎర్రయ్య బోటును ఒడ్డుకెక్కించాడు. షాఫ్టు ఊడదీసి తుడిస్తే, బిగింపు దగ్గర సగం మందం దాకా తినేసి ఉంది. ఎర్రయ్య దాన్ని వేలితో తడిమి చూశాడు.

కొత్త షాఫ్టును జగ్గునాయుడు తానే కాచాడు, పక్కనే కుర్చీ వేసుకుని. రెండోరోజు సాయంత్రం భ్రమరాంబగారు వచ్చారు.

"అంత చిన్న ప్రాణి ఇంత గట్టి లోహాన్ని ఎలా గెలిచిందో మీరింకా చెప్పలేదు, మేడమ్."

ఆవిడ ఎర్రగా కాగుతున్న ఫర్నేసు వైపు చూశారు.

"దానికి తొందర లేదు, నాయనా."