పనస తొనలు ఏలిన రాజ్యం

ఒకానొక రాజ్యంలో రాజు మెలకువలో కంటే నిద్రలోనే ఎక్కువ పాలించేవాడు. ఆ రాజ్యం పేరు సిరిగిరి, రాజు పేరు రణకేసరి. మనిషి మంచివాడే. యుద్ధం వస్తే ముందు నడిచేవాడు, కరువు వస్తే గాదెలు తెరిపించేవాడు. కాకపోతే తన కలలంటే ఆయనకు మహా గురి.

ఆ కొలువులో లోకంలో మరెక్కడా లేని ఆచారం ఒకటి ఉండేది. పొద్దున్నే సభ మధ్యలో ఒక ఇత్తడి దీపం వెలిగించేవారు. రాజు దాని మీద చెయ్యి చాచి, రాత్రి వచ్చిన కల చూసింది చూసినట్టు చెప్పేవాడు. దీపం మీద చెయ్యి చాచి అబద్ధం ఆడితే వంశం నిలవదని వాళ్ళ నమ్మకం. రాజు చెప్పడం అయ్యాక ఆస్థాన స్వప్నపండితుడు చిత్రభట్టు గొంతు సవరించుకుని అర్థం చెప్పేవాడు. మధ్యాహ్నానికల్లా ఆ అర్థం రాజాజ్ఞ అయి ఊరూరా దండోరా పడేది.

మొదట్లో వచ్చిన కలలు పెద్దగా హాని చేసేవి కావు. ఆకుపచ్చ చిలుక మాట్లాడినట్టు కల వస్తే కోట తలుపులన్నిటికీ ఆకుపచ్చ రంగు పూశారు. తెల్ల ఏనుగు బావిలో నీళ్ళు తాగినట్టు కల వస్తే ఊళ్ళో బావులన్నిటికీ సున్నం కొట్టారు. జనం చాటుగా నవ్వుకుని తమ పని తాము చూసుకునేవారు. ఎదురుగా నవ్విన మంత్రి ఒకాయన మాత్రం ఆ సాయంత్రమే పెట్టే బేడా సర్దుకుని పొలిమేర దాటవలసి వచ్చింది. ఆ తర్వాత కలల కొలువులో ఎవరూ పెదవి కదపలేదు.

ఏడాదిగా రాజు కలలు మరీ పెరిగాయి. రంగులు, పాటలు, వాసనలు, ఆఖరికి తిన్నవాటి రుచి కూడా గుర్తుండేది. చిత్రభట్టు దానికీ సిద్ధాంతం చేశాడు. "ప్రభూ, ఇంత స్పష్టమైన కలలు దైవాంశ ఉన్నవారికే వస్తాయి. సామాన్యులకు వచ్చేవి చిల్లర కలలు. తెల్లారేసరికి చెరిగిపోతాయి. అందువల్ల తమ కల తమది కాదు, సాక్షాత్తూ దేవి ఆజ్ఞ" అన్నాడు. రాజు మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. ఎవరు మాత్రం వేసుకోరు?

ఇలా ఉండగా ఒకనాడు రాజు దీపం మీద చెయ్యి చాచి, తమలపాకు తోటల ఊరు ఆకులపాలెం ఉన్న చోట పెద్ద చెరువు, చెరువు నిండా బంగారు తామరలు కనిపించాయని చెప్పాడు. తామర మీద కూర్చున్న దేవి తన వైపు చూసి తల ఊపిందట. చిత్రభట్టు ఆనందబాష్పాలు తుడుచుకుని, ఊరిని ఖాళీ చేయించి వానలకు ముందే అక్కడ చెరువు తవ్వించాలని అర్థం చెప్పాడు. వచ్చే పున్నమికి ముహూర్తం కూడా పెట్టేశాడు.

ఆ కొలువులో కొమరన్న అనే ఆయన ఉండేవాడు. రాజుకు విసుగు పుట్టినప్పుడు నవ్వించడం ఆయన ఉద్యోగం. చిత్రభట్టుకు ఆ ఉద్యోగమంటే మహా చిన్నచూపు. నోట్లో ఎప్పుడూ తాంబూలం ఉండేది, ఆ ఆకు ఆకులపాలెం తోటలదే. దండోరా పడిన సాయంత్రం ఆ పాలెం పెద్ద గవరమ్మ ఆయన ఇంటి అరుగు మీదకు వచ్చి కూర్చుంది. ఎప్పుడూ తెచ్చే ఆకుల కట్ట తెచ్చింది గాని చేతికివ్వకుండా ఒళ్ళోనే పెట్టుకుంది.

"ముందు అవిసె చెట్లు ఏపుగా పెరగాలయ్యా, ఆనక వాటి మీదకి తీగె పాకాలి. మా అత్త నాటిన తీగె ఇది. వేరే చోట భూమిస్తామంటన్నారు. భూమిస్తారు సరే, తీగె ఎవరిస్తారు? మా పిల్లలు ఆకు కోసేనాటికి మేము ఉంటామా?" అంది.

కొమరన్న అరుగు మీద ఆమె పక్కనే కూర్చున్నాడు. ఏదో ఒకటి చేస్తానన్నాడు. ఏం చేయాలో ఆయనకే తెలియదు. కల తప్పంటే పొలిమేర, అర్థం తప్పంటే పండితుడితో వైరం. ఊరుకుంటే పాలెం పుట్టి మునుగుతుంది.

ఇక్కడే నేను కొమరన్నను మెచ్చుకుంటాను. మరొకరైతే రాజు కల గురించి ఆలోచించేవారు. ఆయన రాజు కడుపు గురించి ఆలోచించాడు. ఏకాదశినాడు రాజు ఉపవాసం ఉంటాడు. ద్వాదశి పొద్దున కొలువులో ఏనాడూ మంచి కల చెప్పినట్టు కొమరన్నకు గుర్తు రాలేదు. "ఏదో మసకగా ఉంది, జ్ఞాపకం లేదు" అనేవాడు రాజు, ఆవేళ. ఇది తట్టగానే కొమరన్న నేరుగా వంటశాలకు నడిచాడు.

వంటపెద్ద భైరవయ్య మొదట గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు గాని, పొగిడితే కరిగిపోయే రకం. తను ఏడాదిగా కొత్త రాత్రి భోజనం పెడుతున్నానని మురిసిపోతూ చెప్పాడు. శనగల గుగ్గిళ్ళు, పాలకూర పప్పు, నిప్పుల మీద కాల్చిన చిలగడదుంపలు, పారసీక వర్తకులు తెచ్చిన పిస్తా పప్పులు దండిగా వేసిన పాయసం, దాని మీద అమృతపాణి అరటిపళ్ళు, అన్నిటికీ పైన తేనెలో ముంచిన పనస తొనలు. రాజు ఇవన్నీ పొద్దుపోయాక తిని, అటునుంచి అటే పడక మీదకు చేరేవాడట.

కొమరన్న ఆ భోజనం తనకూ ఒక పూట పెట్టమని బతిమాలాడు. భైరవయ్య పెట్టాడు.

మరునాడు కొమరన్న నిద్ర లేచేసరికి దిండు తడిసి ఉంది. కలలో వాళ్ళమ్మ కనిపించింది. ఆవిడ పోయి చాలాకాలమైంది. ముఖం కూడా సరిగ్గా గుర్తులేక లోలోపల బాధపడే కొడుకు ఆయన. ఆ రాత్రి ఆవిడ పీట వేసి కూర్చోబెట్టి, చింతకాయ పచ్చడి కలిపిన ముద్ద చేతిలో పెట్టింది. గాజుల చప్పుడు వినిపించింది, పసుపు వాసన తగిలింది. లేచాక కూడా నాలుక మీద ఆ పులుపు ఉంది. ఇంత సంతోషం ఇంత దుఃఖం కలిసి ఆయనకు ఎన్నడూ రాలేదు.

రాజు తన కలలను ఎందుకంత ప్రాణంగా చూసుకుంటాడో కొమరన్నకు అప్పుడు అర్థమైంది. ఆయన మీద కోపం పోయింది. చెరువు మీద మాత్రం పోలేదు.

ఆ రోజే సభలో చేతులు జోడించి నిలబడ్డాడు. దేవి పేరు మీద తలపెట్టిన పనికి ముందు వ్రతం లేకపోతే ఎలా అని మనవి చేశాడు. ముహూర్తం దాకా ప్రభువులు రాత్రిపూట పలచటి జావ మాత్రమే తీసుకోవాలి. ప్రభువుల భోజనం, పనస తొనలతో సహా, దేవికి నైవేద్యం పెట్టి, సభలో పెద్దలకు ప్రసాదంగా పంచాలి. పెద్దల్లో మొదట చిత్రభట్టుగారు, తర్వాత సేనాపతిగారు, ఏనుగులకు కూడా చెరువుతో సంబంధం ఉంది కనుక మావటి ఎర్రన్న. ఇదీ ఆయన చెప్పిన పద్ధతి.

రాజు స్వప్నపండితుడి వైపు చూశాడు. పనస తొనల మాట చెవిన పడగానే చిత్రభట్టుకు నోరూరింది. అది శాస్త్రసమ్మతమేనని, తన నాలుక మీదే ఉన్న మాటను కొమరన్న ముందుగా అనేశాడని చెప్పాడు.

వ్రతం మొదలైంది. రాజు జావ తాగి పడుకుంటున్నాడు. పొద్దున్నే దీపం మీద చెయ్యి చాచి, "ఏమీ రాలేదు" అంటున్నాడు. మొదట ఆశ్చర్యపోయాడు, తర్వాత చిరాకుపడ్డాడు, చివరికి దిగులు పట్టుకుంది. దేవి అలిగిందేమోనని పండితుణ్ణి అడిగాడు. చిత్రభట్టు నీళ్ళు నమిలాడు. ఆయనకు నాలుగు పూటల్లోనే బుగ్గలు వచ్చాయి గాని సమాధానం రాలేదు. పైగా ఎందుకో కొద్దిరోజులుగా రాజు కళ్ళలోకి చూడడం మానేశాడు.

ముహూర్తం రేపనగా, సభ నిండుగా ఉండగా కొమరన్న లేచాడు. గవరమ్మ కూడా పాలెంవాళ్ళతో వచ్చి వెనక నిలబడి ఉంది. తాను అనబోయే మాట బెడిసికొడితే పాలెంతోపాటు తనకూ ఆ రాజ్యంలో చోటుండదని కొమరన్నకు తెలుసు.

"ప్రభూ, దేవి ప్రసాదం తిన్నవారికైనా ఏమన్నా కనిపించిందేమో అడిగితే?" అన్నాడు.

రాజు సరేనన్నాడు. మావటి ఎర్రన్నను ముందుకు పిలిచారు. అతను దీపం మీద చెయ్యి చాచి, రోజూ పండగలా కలలు వస్తున్నాయని ఒప్పుకున్నాడు. నిన్న రాత్రయితే దేవి ఏనుగెక్కి వచ్చిందట. చెరువు సేనాపతిగారి మామిడితోటలో తవ్వితే ఏనుగులకు దగ్గరవుతుందని చెప్పిందట. సేనాపతి పళ్ళు నూరాడు.

సేనాపతి వంతు వచ్చింది. ఆయనకూ దేవి కనిపించింది. చెరువూ కనిపించింది. చిత్రభట్టు ఇల్లు ఉండవలసిన చోట నిండుగా నీళ్ళు, భట్టుగారి వంటింట్లో బాతులు ఈదుతున్నాయట. చెబుతూ చెబుతూ సేనాపతి నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఇక చిత్రభట్టు మిగిలాడు. తనకు నడుం నొప్పిగా ఉందన్నాడు. కల గుర్తులేదన్నాడు. అయితే ఆ మాటే దీపం మీద చెయ్యి పెట్టి చెప్పమన్నాడు రాజు. భట్టు చెయ్యి చాచాడు. దీపం వైపు చూశాడు, సభలో కూర్చున్న తన ముగ్గురు కొడుకుల వైపు చూశాడు.

"చూసింది చూసినట్టే చెప్పాలి కనుక చెబుతున్నాను, క్షమించాలి. నేను సింహాసనం మీద కూర్చుని ఉన్నాను. ప్రభువులు పక్కన నిలబడి నాకు వింజామర వీస్తున్నారు. చెరువు... చెరువు ఈ కోట ఉన్న చోటే ఉంది."

రాజు ముఖం కందగడ్డ అయింది. "నా సింహాసనం మీద నువ్వు, నీకు వింజామర నేనూనా?" అని లేచి నిలబడ్డాడు. చిత్రభట్టు కూలబడిపోయాడు.

కొమరన్న వెళ్ళి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. కొలువులో అందరికంటే ఎక్కువగా తనను ఈసడించిన మనిషికి అడ్డం నిలబడ్డాడు. ఆయనలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

"ప్రభూ, తప్పు భట్టుగారిది కాదు, పనస తొనలది" అన్నాడు.

రాజు అర్థం కానట్టు చూశాడు.

"తమ భోజనం తిన్నవారందరికీ తమకు వచ్చేలాంటి కలలే వచ్చాయి. జావ తాగిన తమకు ఏమీ రాలేదు. ఇంత స్పష్టమైన కలలు దైవాంశ ఉన్నవారికే వస్తాయన్నారు భట్టుగారు. ఆ లెక్కన ఈ పక్షమంతా దైవాంశ ఎర్రన్నలో ఉంది, తమలో లేదు. నేను మాత్రం ఆ మాట నమ్మను. ఆ శనగల్లో, ఆ పళ్ళలో, ఆ తొనల్లో కలకు మెరుగుపెట్టే సారం ఏదో ఉంది. రంగు అది వేస్తుంది. బొమ్మ మాత్రం మన మనసే గీస్తుంది. రోజంతా అందరం చెరువు మాటే మాట్లాడుతున్నాం, అందరికీ చెరువే వచ్చింది. ఒక్కటి గమనించండి ప్రభూ. ఎవరి కలలోనూ చెరువు వాళ్ళ సొంత పెరట్లో పడలేదు."

సభ వెనక నిలబడ్డ పాలెంవాళ్ళ మీదకు రాజు చూపు వెళ్ళింది. గవరమ్మ తల దించుకోలేదు.

"అయితే ఏడాదిగా ఈ రాజ్యాన్ని ఏలుతున్నది నేను కాదన్నమాట" అన్నాడు చివరికి.

"వంటశాల, ప్రభూ."

రాజు మీసం ఒకసారి కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి. ఆ పైన ఆయన సింహాసనం చెయ్యి పట్టుకుని కడుపుబ్బ నవ్వాడు. "ఎవరక్కడ, భైరవయ్యను పిలవండి. ఇన్నాళ్ళు ఏలిన దొర ముఖం ఒకసారి చూద్దాం" అన్నాడు. గరిటె చేత్తోనే వణుకుతూ వచ్చిన భైరవయ్యను చూసి సభంతా నవ్వింది. నేల మీదనుంచి లేవబోతున్న చిత్రభట్టుకు కూడా నవ్వు వచ్చింది, పాపం.

చెరువు ఆజ్ఞ అక్కడికక్కడే రద్దయింది. కలలు చెప్పుకోవచ్చు గాని ఇకమీదట వాటికి దండోరా ఉండదని రాజు దీపం మీద చెయ్యి చాచి మాటిచ్చాడు. చిత్రభట్టు ఉద్యోగం పోలేదు. కాకపోతే కల అర్థం చెప్పేముందు, రాత్రి ఏం తిన్నారని అడగడం ఆయన విధి అయింది.

అప్పుడు రాజు కొమరన్నను ఏం కావాలో కోరుకోమన్నాడు. మాన్యమా, పల్లకీయా అన్నాడు. కొమరన్న కాసేపు తటపటాయించాడు.

"నెలకొక రాత్రి తమ భోజనం పెట్టించండి ప్రభూ, చాలు. అది తిన్న రాత్రి మా అమ్మ కనిపించింది" అన్నాడు.

నవ్వుతున్న రాజు ఆగిపోయాడు. "ఏమంది?" అని మెల్లగా అడిగాడు.

"చిక్కిపోయావురా అంది."

కొమరన్న పొట్ట ఎంతుంటుందో ఆ సభలో అందరికీ తెలుసు. రాజు మళ్ళీ పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకున్నాడు. తన మెడలోని ముత్యాల హారం తీసి కొమరన్న మెడలో వేసి, పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

ఇప్పటివాళ్ళు ఆ సారానికి విటమిన్లని పేరు పెట్టారు. ఏది ఎంత తింటే ఎవరికి ఏ కల వస్తుందో ఇంకా తేల్చుకోలేక వాదించుకుంటూనే ఉన్నారట. సిరిగిరిలో మాత్రం ఆ వాదం లేదు. నెలకొక రోజు భైరవయ్య కొమరన్నకు విస్తరి వేసేవాడు. భోజనమయ్యాక వేసుకోవడానికి గవరమ్మ లేత ఆకులు పంపేది. మరునాడు కొమరన్న కొలువుకు ఆలస్యంగా వస్తే ఎవరూ ఏమీ అనేవారు కాదు. రాజు ఒక్కడే ఆయన చెవి దగ్గరకు వంగి, "ఈసారి ఏం పెట్టింది మీ అమ్మ?" అని అడిగేవాడు.